పెట్టెలో మేళం

పెళ్ళి వీడియోలో బుడేన్ బుగ్గలు పూరీల్లా పొంగి ఉన్నాయి. కళ్ళు మూసుకుని, మెడ నరాలు తేలి, సన్నాయి రంధ్రాల మీద వేళ్ళు పరుగెడుతున్నాయి. టీవీలోంచి మాత్రం ఎవరో అమ్మాయి ప్రేమలో పడ్డానంటూ పాడుతున్న సినిమా పాట వస్తోంది.

ఆళ్ళగడ్డలో వాళ్ళ వీధి చివరిల్లు ఇంద్రజది. కూతురి పెళ్ళి వీడియో వచ్చిందని, ఆ పెళ్ళికి మేళం వాయించిన బుడేన్‌ను భార్యతో సహా పిలిచి సోఫాలో కూర్చోబెట్టింది. మర్యాదకు లోటేమీ జరగలేదు. బూందీ పెట్టింది, టీ ఇచ్చింది. ఇంతలో తాళి కట్టే ఘట్టం వచ్చింది. గట్టిమేళం ఊదుతూ తెర మీద బుడేన్ నడుము నుంచి ముందుకు వంగాడు. పాటలో అమ్మాయి ఇంకా ప్రేమలోనే ఉంది.

"ఎట్లుందన్నా?" అని అడిగింది ఇంద్రజ.

"శానా బాగ తీసినారమ్మా. నన్ను గూడ తెల్లగ చూపించినారు" అన్నాడు బుడేన్, బూందీని పక్కపళ్ళతో జాగ్రత్తగా నములుతూ.

అతని భార్య ఫాతిమున్నీసా బూందీ ముట్టుకోలేదు. ఇంటికి వస్తూ దారిలో అడిగింది.

"నీ సన్నాయి యాడబోయింది?"

"యాడబోతాది మే. ఊదినా, పోయింది."

"పాట సినిమాది పెట్టుకున్నోళ్ళు బుగ్గలు గూడ సినిమావోళ్ళవే పెట్టుకోవాల్సింది."

"నా బుగ్గలకేమైందే, బాగలేవా?"

అతనికి నిజంగానే బాధ లేదు. ఆమెకు ఒళ్ళు మండేదీ అందుకే. చుట్టుపక్కల సగం ఊళ్ళ ఆడవాళ్ళ మెడలో తాళి పడ్డప్పుడు ఊదుతున్నది ఈ మనిషే. ఆ సగం ఊళ్ళలో ఒక్క ఇంట్లోనూ ఇతని ఊపిరి మిగల్లేదు. బుగ్గలు మాత్రం ఆల్బముల్లో బోలెడు.

వచ్చే సోమవారం నంద్యాల ఆసుపత్రిలో అతని పైపళ్ళు నాలుగు తీసేస్తారు. చిగుళ్ళు వదిలేశాయి, ఉంచితే దవడకు పాకుతుందన్నాడు డాక్టరు. సన్నాయి కొసన నోట్లో పెట్టుకుని ఊదే పీక నిలబడేది పెదవుల మీద, పెదవి నిలబడేది పళ్ళ మీద. కట్టుడు పళ్ళు పెట్టుకుని ఊదేవాళ్ళు కూడా ఉన్నారని డాక్టరు ధైర్యం చెప్తే, "ఉన్నారు సార్, వాళ్ళను విన్నా. పాపం, మంచోళ్ళు" అన్నాడు బుడేన్. ఆ సంగతి అంతటితో తెమిలిపోయింది అతనికి. ఆమెకు తెమల్లేదు. మిక్సీ కొనాలన్నా నెల రోజులు ఆలోచించే మనిషి, డాక్టరు పళ్ళు తట్టి చూసిన రోజు నుంచీ ఇంట్లో అతని పాటను ఎప్పటికీ ఎలా నిలుపుకోవాలా అనే ఆలోచనలోనే ఉంది. చపాతీలు ఒత్తుతూ ఫోన్లో వీడియోలు చూసింది. పాటలు దాచుకునే ఏ హార్డు డ్రైవు ఎందుకు పోతుందో, ఆ డ్రైవులు పెట్టే ఏ పెట్టె ఇంట్లో వైఫైకి ఎలా కలుస్తుందో చెప్పేవాళ్ళ గొంతులు వంటింట్లో ఉప్పు పప్పుల్లా అలవాటైపోయాయి. పెట్టె దొరుకుతుంది. అందులో పోయడానికే ఏమీ లేదు. ఆమె ఫోన్లో ఉన్నవి నాలుగైదు రికార్డింగులు, వాటిలోనూ సన్నాయి కంటే జనరేటరు బాగా వాయించింది.

ఆ రాత్రి పడుకున్నాక ఆమెకు తట్టింది. సినిమా పాటను తర్వాత అతికించారంటే, ముందు తీసినది ఎక్కడో ఉండాలి కదా.

పొద్దున్నే ఆసుపత్రిలో టోకెన్ సంగతి కనుక్కొస్తానని చెప్పి నంద్యాల బస్సెక్కింది. టోకెన్ ఫోన్లోనే తీసుకుందన్న మాట బుడేన్‌కు చెప్పాల్సిన అవసరం ఆమెకు కనపడలేదు.

ఆ పెళ్ళి వీడియో తీసింది స్టేషన్ రోడ్డులోని సంజీవయ్య స్టూడియో. పెళ్ళిళ్ళ దగ్గర బుడేన్‌కూ అతనికీ పాతికేళ్ళ పరిచయం. ఒకే బంతిలో కూర్చుని తిన్నవాళ్ళు.

"వదినా, నన్ను తిట్టొద్దు" అన్నాడు సంజీవయ్య ఆమె మాట పూర్తి కాకముందే. "సినిమా పాట ఎయ్యకుంటే పెళ్ళోళ్ళు వీడియో ఎనక్కి కొడ్తారు. ఒరిజినల్ సౌండు పెడ్తే ఏం వినపడ్తాదో తెల్సునా? సాంబారు బకెట్టు యాడ పెట్టినావురా అనేది వినపడ్తాది."

"తిట్టను గానీ, సాంబారు బకెట్టుతో సహా అదంతా ఉందా, తుడిచేసినావా?"

అతను బల్ల కింది నుంచి అట్టపెట్టె లాగాడు. అందులో నల్లటి హార్డు డిస్కులు ఇటుకల్లా పేర్చి ఉన్నాయి. ఒక్కొక్కదాని మీదా ఏడాది, ఊరి పేర్లు.

"పాతవన్నీ ఉన్నాయి. ఆదివారం నుంచి ముహూర్తాలు. శనివారం సాయంత్రం తుడిచి కెమెరావాళ్ళకియ్యాల. కొత్తవి కొనే ఓపిక లేదు నాకు."

"శనివారం సాయంత్రానికి నీ బల్ల మీద ఉంటాయి. ఈలోపల నాకియ్యి."

"ఇన్ని యాడ పోసుకుంటావు వదినా?"

"ఆ సంగతి చూసుకోనీకే పోతాండా."

అక్కడికి నాలుగు అంగళ్ళ అవతల సమీవుల్లా కంప్యూటర్ షాపు. ఆమె లోపలికి రాగానే సమీవుల్లా ఆమె వెనక్కి, గుమ్మం వైపు చూశాడు.

"సార్ రాలేదా అమ్మా?"

"ఏ సారు?"

"డ్రైవులు కొనే సారు."

"ఆ సారును నేనే. రెండు డ్రైవులు పట్టే పెట్టె చూపించప్పా, రౌటరుకు కలిపేది."

సమీవుల్లా తేరుకుని, ఒకటే పెద్ద డ్రైవు తీసుకుంటే చవకగా పడుతుందన్నాడు. సీసీ కెమెరాలకు వాడేది ఇంకా చవక అన్నాడు. అది పొద్దస్తమానం రాసుకోడానికి పుట్టింది, నాకు చదివేది కావాలంది. ఇరవై నాలుగ్గంటలూ తిరిగినా అలవనివి, నెమ్మదిగా తిరిగేవి, చప్పుడు తక్కువవి కావాలంది. అతను ఒకే అట్టలోంచి రెండు తీసి బల్ల మీద పెట్టాడు. ఆమె వాటిని తిప్పి తయారైన తేదీలు చూసి, ఒకదాన్ని వెనక్కి జరిపింది.

"ఇంగో పెట్టెలోది తియ్యి. ఒకే దినం పుట్టినవి ఒకే దినం పోతాయంట."

"ఇంతా కొని, రెండిట్లో ఒకే సరుకు రాసుకుంటారా అక్కా? సగం జాగా దండగ గదా." సారు పోయి అమ్మ, అమ్మ పోయి అక్క అయింది.

"సన్నాయి మేళం చూసినావా ఎప్పుడైనా? పెద్దాయన పక్కన ఇంగొకడు అదే ఊదుతుంటాడు. పెద్దాయన ఊపిరి తీసుకున్నప్పుడు పాట తెగకుండా వాడు పట్టుకుంటాడు. దండగనుకుంటే రెండోవాని కూలి మిగుల్తాది. మేళం ఆగిపోతాది."

సమీవుల్లా ఇంకో పెట్టెలోంచి రెండో డ్రైవు తీసి పెట్టాడు. "ఈ మాట నేను వాడుకోవచ్చా అక్కా? రెండోది కొనమంటే ఎవరూ వినరు" అన్నాడు. వాడుకోమని, ఆ మాటకు బదులు మంచి లాన్ కేబులు ఒకటి ఊరికే ఇప్పించుకుంది.

ఆటోలో, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చిందంతా హాల్లో చాప మీద పరిచింది. మిక్సీ మరలు బిగించే స్క్రూడ్రైవరుతోనే డ్రైవులను ట్రేల్లో బిగించి, పెట్టెలోకి తోసి, క్లిక్కుమనేదాకా బొటనవేలితో నొక్కింది. కేబులు ఒక కొస పెట్టెకు, ఇంకో కొస రౌటరుకు. ఫోన్లో అడిగిన ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పి, ఇకమీదట రెండిట్లోనూ ఒకే సరుకు ఉండాలని ఒప్పించింది. పచ్చ దీపాలు వెలిగాయి. లోపల ఫ్యాను సన్నగా తిరగడం మొదలైంది.

బుడేన్ గోడకానుకుని, సన్నాయి పీక నీళ్ళలో నానేసుకుంటూ చూస్తున్నాడు. సంగతి అప్పటికి చెప్పక తప్పలేదు. అతను కోప్పడలేదు. తల పక్కకు వంచి పెట్టెను విన్నాడు.

"ఇది మన శ్రుతి కంటె రవ్వంత తక్కువ మోగుతాంది మే."

"అది వాద్యం కాదు. ఫ్యాను."

"ఏదైతేనేం. నేను ఈడ కూసొని సాధన చేసుకోవాల. సర్దుకోమను దాన్ని."

అది సర్దుకోలేదు. ఆమే పెట్టెను నడిమింట్లోకి, అతను సన్నాయి పెట్టుకునే అలమర పైకి మార్చింది. అలమర దాకా అందడానికి సమీవుల్లా కేబులు సరిగ్గా సరిపోయింది. సంజీవయ్య డిస్కును దాని వెనక గుచ్చి, ఫైళ్ళు ఒక్కొక్కటే ఇవతలికి రావడం చూస్తూ కూర్చుంది. నిండు బావిలోంచి చెంబుతో తోడుతున్నట్టుంది. ఒక్కో డిస్కుకు ఒక పూట పట్టింది.

గురువారం, శుక్రవారం రాత్రీ పగలూ అలాగే గడిచాయి. ఇక చివరి డిస్కు ఒక్కటే మిగిలింది. శనివారం ఉదయాన్నే దాన్ని గుచ్చి, బియ్యం కడగడానికి లేచింది. ఎసరు మరుగుతుండగా నడిమింట్లోంచి పెట్టె అరిచింది. కీచుమంటూ మూడుసార్లు అరిచి ఊరుకుంది.

వెళ్ళి చూస్తే పెట్టె కనపడలేదు. అలమర మీద ఎర్రటి పట్టు శాలువా మాత్రం ఉంది, జరీ అంచుతో, నాలుగు వైపులా చక్కగా దోపి. ఏదో సన్మానంలో బుడేన్‌కు కప్పింది. తీసి చెయ్యి పెట్టింది. అప్పుడే దించిన పెనంలా కాలింది. దీపాలన్నీ ఆరిపోయి ఉన్నాయి.

"ఎవురు కప్పినారు దీన్ని?"

ఇంట్లో ఉన్నది ఇద్దరే కనక బుడేన్ ఎక్కువసేపు దాచలేదు. "వాద్యాన్ని బట్ట లేకుండా పెట్టకూడదు. మా నాయన ఉండింటే ఒప్పుకునేటోడు గాదు."

"అది వాద్యం గాదని మొన్ననే చెప్తి."

"నా ఊపిరంతా దాన్లో పెడ్తాండానంటివి గదా మే. వాద్యం గాక ఇంగేంది మరి?"

ఆమె శాలువా మడిచి అతని చేతికిచ్చింది. పెట్టె చల్లారేదాకా ఆగి మళ్ళీ వేసింది. పచ్చ దీపాలు రెండూ వెలిగాయి. లోపలికి వచ్చిన ఫైళ్ళు చెక్కుచెదరలేదు, కానీ చివరి డిస్కులో సగం ఇంకా అవతలే ఉంది. సాయంత్రానికి నంద్యాల చేరాలంటే మధ్యాహ్నం బస్సు దాటకూడదు. సంజీవయ్యకు ఫోన్ చేస్తే, "ఆరు గంటలకు కెమెరావాడొస్తాడు వదినా, వాడు నా మాట వినడు" అన్నాడు.

బుడేన్ వంటింట్లోకి వెళ్ళి తాటాకు విసనకర్ర తెచ్చాడు. స్టూలు లాక్కుని అలమర ముందు కూర్చుని, పెట్టెకు విసరడం మొదలుపెట్టాడు. అవసరం లేదని ఆమె చెప్పింది. అతను వినిపించుకోలేదు. కుడి చెయ్యి నొప్పెడితే ఎడమ చెయ్యి, ఎడమది నొప్పెడితే కుడిది. విసురు ఒక్క తీరున, ఒక్క లయలో సాగింది. అన్నం అక్కడికే తెచ్చిస్తే ఒక చేత్తో తిన్నాడు. వాకిట్లో నుంచి చూసిన ఇంద్రజ, ఎవరికో బాగలేదనుకుని లోపలికొచ్చి, జ్వరం ఎవరికని అడిగింది.

"దీనికే" అంది ఫాతిమున్నీసా.

చివరి ఫైలు ఇవతలికి వచ్చాక ఆమె డిస్కులన్నీ సంచిలో వేసుకుని పరుగున బస్సెక్కింది. కెమెరావాడి కంటే ముందే సంజీవయ్య బల్ల మీద అట్టపెట్టె పెట్టింది. ఆమె టీ తాగుతుండగానే అతను మొదటి డిస్కును తుడిచేశాడు. బొత్తాం ఒకటి నొక్కితే అయిపోయింది. ఆమె గ్లాసు కింద పెట్టి, ఆ బొత్తాం వైపు కాసేపు చూసింది.

ఆదివారమంతా వీడియోల్లోంచి పాటను వేరు చేసే పని. తమ కూతురు వదిలిపోయిన పాత ల్యాప్‌టాప్‌లో శబ్దం గీతలుగా కనిపిస్తుంది. సన్నాయి సన్నటి అలలా సాగుతుంటే, మధ్యలో డోలు గుట్టల్లా లేచి దాన్ని కప్పేస్తోంది. కెమెరా పట్టుకున్నవాడు ఎప్పుడూ డోలు పక్కనే నిలబడేవాడు మరి. డోలు జకరయ్యది. సంజామల మనిషి. ముప్ఫై ఏళ్ళు బుడేన్ పక్కన వాయించి, రెండేళ్ళ కిందట గుండెపోటుతో పోయాడు. ఆమె చేతి అన్నం ఎన్నోసార్లు తిన్నవాడే. అతని మీద ఆమెకు కోపమేమీ లేదు. కానీ ఆమె వెతుకుతున్నది సన్నాయి కోసం. ఓపిగ్గా ఒక్కో గుట్టనూ అణిచి, ఒక్కో అలనూ పైకి లేపింది. బియ్యంలో రాళ్ళేరినట్టు ఏరింది. శుభ్రం చేసినవి వేరే పెట్టి, అసలువాటిని ముట్టుకోకుండా పెట్టెలోనే ఉంచింది. జాగా ఉన్నప్పుడు అసలును పారేయడం ఆమె ఇంటావంటా లేదు.

అదే రోజు పొద్దున బుడేన్ ఎప్పటిలాగే హాల్లో సాధన చేసుకున్నాడు. చివరిసారి కదా, ఏదైనా పెద్ద రాగం వాయించమని ఆమె అడిగింది. "చివరిదని చెప్పి ఊదితే రాగానికి ఏడుపొస్తాది. దానికి తెలీకుండా పోనీ" అని, రోజూ ఊదే సరళి వరసలే ఊది లేచాడు.

సోమవారం పళ్ళు తీశారు. రెండు రోజులు నోట్లో దూదితో, చేతి సైగలతో గడిచింది. మాటల్లేని బుడేన్ ఇంట్లో కొత్త మనిషిలా ఉన్నాడు. గురువారం వాపు తగ్గింది. చల్లారిన రాగిజావ తాగించి, అతన్ని హాల్లో కుర్చీలో కూర్చోబెట్టింది. ఫోన్లో ఒక పాట ఎంచి, గోడ మీది స్పీకరుకు పంపింది.

అహోబిలం కొండ కింద ఏదో పెళ్ళిలోని కాంభోజి రాగం. గదిలో సన్నాయి లేచింది. ముప్ఫై ఏళ్ళ గాలి మీద ఎక్కడా తడబడకుండా పైకి పోయి, అక్కడ నిలబడి, చుట్టూ చూసి, మెల్లగా మెట్టుమెట్టుగా దిగింది. కూర రుచి చూస్తున్న మనిషి మొహం చూసినట్టు ఆమె అతని మొహమే చూస్తోంది. అతను తల వంచుకుని విన్నాడు. పాట అయిపోయింది.

"ఎట్లుంది?"

అతను స్పీకరు వైపే చూస్తున్నాడు. పళ్ళు లేని సందులోంచి మాట గాలితో కలిసి వచ్చింది.

"జకరయ్య యాడ మే?"

"ఉన్నాడు, ఎనకాల. డోలు శానా ఎక్కువైంటే తగ్గించినా."

"తగ్గించినావా."

కోపం లేదు ఆ గొంతులో. అది ఉన్నా బాగుండేది. వేలితో గాల్లో చూపిస్తూ చెప్పాడు. "పైకి పోయి ఆడ ఆగినా చూడు. వానికి ఇయ్యనీకి ఆగినా. నువ్వు వాయించుకోరా అని. వాడు లేకుంటే ఇంటున్నోళ్ళకు ఏమనిపిస్తాది? ముసలోనికి ఊపిరి చాల్లేదనుకుంటారు."

ఫాతిమున్నీసా చేతిలో ఫోన్ వైపు చూసుకుంది. సంజీవయ్య ఇతని పాట తీసి సినిమా పాట పెట్టాడు. ఆదివారమంతా కూర్చుని తాను చేసిందీ అదే పని, ఇంకా శ్రద్ధగా. బదులు ఏమీ పెట్టలేదు, అంతే.

"అసలుది ఉంది" అంది. "పారెయ్యలేదు."

వెతికి, దాన్ని పంపింది.

ముందు కుర్చీలు జరిపిన చప్పుడు. ఎవరో ఆకులు తక్కువయ్యాయని అరిచారు. ఒక పిల్ల ఏడుపు. ఆ గోలలోంచి సన్నాయి సన్నగా లేచి, పైకి పోయి, ఆగింది. ఆ ఆగిన చోట డోలు పడింది. అలమర తలుపులు అదిరాయి. ఒక చేతి కర్ర, ఒక చేతి వేళ్ళు. ఉరిమి, తేలిపోయి, పరిహాసంలా చిన్నగా చిటికెలు వేసి, మళ్ళీ ఉరిమి. ఆమె ఎన్ని పెళ్ళిళ్ళలో దీని పక్కనే కూర్చుందో. ఒక్కసారీ వినలేదు. బుడేన్ కుర్చీలో నిటారుగా లేచి కూర్చున్నాడు.

"సంజామలకు ఫోన్ చెయ్. జీవరత్నమ్మను రమ్మను. ఇప్పుడే గాదు, ఇది అయిపోయినాక" అన్నాడు. జకరయ్య భార్య పేరు అతని నోట రెండేళ్ళ తర్వాత వచ్చింది.

డోలు ఒక్కటే సాగే చోటుకు రాగానే, బుడేన్ పెదవులు కదిలాయి. సన్నగా, బొంగురుగా, పళ్ళ సందులోంచి గాలి పోతున్న గొంతుతో రాగం అందుకున్నాడు. రాగంలో రెండు అడుగులు వేశాడో లేదో ఊపిరి అందక వెనకబడ్డాడు. డోలు అతన్ని దాటి వెళ్ళిపోయింది. బతికున్నప్పుడైతే జకరయ్య తాళంలో ఒక ఆవర్తం అక్కడే తిరిగి, కంటితో అడిగి, అతను వచ్చాకే కదిలేవాడు.

ఆపడానికి ఫాతిమున్నీసా ఫోన్ మీద వేలు పెట్టబోయింది. బుడేన్ చెయ్యి ఎత్తి వారించాడు.

"ఉండనీ. వాడు ఇన్నేండ్లు నా ఎనక వచ్చినాడు. ఇంగ వాని ఎనక నేను పోతా."

తొడ మీద తాళం వేసుకుంటూ, డోలు తిరిగి మొదటి దెబ్బకు వచ్చేదాకా కాచుకుని కూర్చున్నాడు.